మనసు వైద్యం: పేరు పెట్టడం డాక్టరు పని, గమనించి చెప్పడం ఇంటివాళ్ల పని

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది ఒకటే: "ఇది ఫలానా జబ్బేనా?" ఉత్తరం చదివి జబ్బు పేరు చెప్పడం కుదరదు, చెప్పకూడదు కూడా. అయితే డాక్టరుకు అక్కరకొచ్చే వివరాలు ఆ ఉత్తరాల్లోనే బోలెడు ఉన్నాయి. మునుపటికీ ఇప్పటికీ మనిషిలో ఏం మారింది, ఎన్నాళ్లుగా మారింది, దానివల్ల ఏ పని ఆగిపోయింది? ఈ మూడూ పట్టుకుంటే చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, బీటెక్ రెండో ఏడు. సంక్రాంతికి ఇంటికొచ్చినవాడు మళ్లీ హాస్టల్‌కి వెళ్లలేదు. గదిలోంచి బయటికి రాడు, స్నానం చెయ్యడు. తనలో తనే నవ్వుకుంటాడు. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు, ఫోన్ కెమెరాకు ప్లాస్టర్ అంటించాడు. గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. గంజాయి అలవాటైందేమోనని మావారి అనుమానం. డాక్టరు మాటెత్తితే "పిచ్చి నాకు కాదు, మీకు" అని మీదికొస్తున్నాడు. ఏం చెయ్యాలి?
— ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: గాలా, గంజాయా అన్నది ఇంట్లో తేలే వాదన కాదమ్మా. ఏదైనా వెళ్లాల్సింది సైకియాట్రిస్టు దగ్గరికే, అదీ ఈ వారంలోనే. లేని కుట్రను నమ్మడం, ఎవరూ లేకుండా మాటలు వినబడటం, తిండీ స్నానం చదువూ వదిలేయడం లాంటివి చాలామందిలో సరిగ్గా మీ అబ్బాయి వయసులోనే మొదలవుతాయి. గంజాయి వల్ల రావచ్చు, గంజాయి జోలికి పోనివాళ్లకూ రావచ్చు. అరుదుగా మెదడు ఇన్ఫెక్షన్, మూర్ఛ, థైరాయిడ్ వల్ల కూడా వస్తాయి కాబట్టి డాక్టరు రక్తపరీక్షలు, అవసరమైతే తల స్కాన్ రాస్తారు. వైద్యం లేకుండా ఎన్ని నెలలు గడిస్తే కోలుకోవడం అంత నెమ్మదిస్తుంది. అందుకే తొందరపెడుతున్నాం.

తాయెత్తును ఉండనివ్వండి. దాని గురించి అత్తగారితో గొడవ పడితే ఆవిడ ఆస్పత్రికే అడ్డు చెబుతారు. కట్టేయడం, కొట్టడం, పస్తులుంచడం, పొగబెట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని తేదీలవారీగా రాయండి. "పిచ్చిపిచ్చిగా చేస్తున్నాడు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. "జనవరి మూడోవారం: రాత్రి 3 దాకా గదిలో అటూ ఇటూ నడక. ఫిబ్రవరి: కెమెరాకు ప్లాస్టర్. మొన్న ఆదివారం: అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేశాడు, ఆ పూట అరటిపళ్లే తిన్నాడు." ఇలా ఉండాలి. వంశంలో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా, తలకు దెబ్బ తగిలిందా, ఫిట్స్ వచ్చాయా, హాస్టల్లో ఏం తాగేవాడు, ఏం పీల్చేవాడు, ఇప్పటిదాకా ఏ మందులు వాడారు అన్నవి కూడా చేర్చండి. హాస్టల్ అలవాట్ల సంగతి స్నేహితులకే తెలుస్తుంది; తిట్టబోమని మాటిచ్చి, రూమ్మేట్‌ను అడగండి.

వాడితో మాట్లాడేటప్పుడు "పక్కింటివాళ్లు ఏమీ అనుకోవట్లేదురా" అని వాదించొద్దు, "అవును, అనుకుంటున్నారు" అని వంత పాడొద్దు. "నీకు భయంగా ఉందని తెలుస్తోంది, నిద్ర కూడా లేదు కదా, ముందు నిద్రకు చూపిద్దాం" అంటే చాలామంది బయల్దేరతారు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. పెళ్లికని చెప్పి కారెక్కించి ఆస్పత్రిలో దించేస్తారు. ఆ రోజుకు పని జరుగుతుంది గానీ ఆ తర్వాత అమ్మ చేతి మాత్ర కూడా వేసుకోడు. అన్నంలో మందు కలపడమూ అంతే. అసలే అన్నంలో ఏదో కలిపారని అనుమానించే పిల్లవాడికి అది నిజమని మనమే రుజువు చేసినట్టవుతుంది.

ఎంతకీ రానంటే కాగితం పట్టుకుని మొదట మీరే వెళ్లండి. లేదా 14416కు ఫోన్ చెయ్యండి. ఇది కేంద్రప్రభుత్వ టెలి మానస్ సేవ. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తనకో ఇతరులకో హాని చేసే పరిస్థితి ఉంటే, తనను తాను చూసుకోలేని స్థితికి చేరితే, అతను ఒప్పుకోకపోయినా చేర్పించే దారి చట్టంలో 89వ సెక్షన్ కింద ఉంది. నామినేటెడ్ ప్రతినిధి, అంటే రోగి తరఫున నిలబడే మనిషి, దరఖాస్తు ఇవ్వాలి, ఒక సైకియాట్రిస్టు, మరొక డాక్టరు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. మొదట గరిష్ఠంగా 30 రోజులు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక ఆస్పత్రులే కాదు, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలుంటాయి.

మందులు మొదలయ్యాక జరిగేది కూడా ముందే తెలుసుకోండి. రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటివి రాస్తే నిద్ర, ఆందోళన కొద్దిరోజుల్లోనే దారికొస్తాయి. అనుమానం తగ్గడానికి వారాలు పడుతుంది. వారానికే "పనిచెయ్యట్లేదు" అని డాక్టరును మార్చకండి. మొదటి రోజుల్లో కొందరికి మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోతుంది, కళ్లు పైకి పోతాయి, నాలుక మెలిపడుతుంది. చూసినవాళ్లు దెయ్యమే బయటపడుతోందంటారు. అది మందు దుష్ప్రభావం. ఆస్పత్రిలో ఒక ఇంజెక్షన్‌తో కాసేపట్లో విడిపోతుంది. ఓలాంజపిన్‌తో ఆకలి, బరువు బాగా పెరుగుతాయి. మొదలుపెట్టేముందు, మూడు నెలలకు బరువు, షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. మొదటిసారి వచ్చిన జబ్బయినా, తగ్గాక కూడా ఏడాది, రెండేళ్లు వాడమంటారు. "బాగయ్యాడుగా" అని ఆపేయడం వల్లే తిరగబెట్టే కేసులు ఎక్కువ.

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. మూడు నెలల్లో నాలుగుసార్లు గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, ఇక ప్రాణం పోతుందనిపించింది. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ బాగున్నాయి. గ్యాస్ అన్నారు. తెలిసిన మందుల షాపతను ఇచ్చిన చిన్న బిళ్ల సగం వేసుకుంటే తగ్గుతోంది. రోజూ వేసుకోవచ్చా?
— భీమవరం

జవాబు: వద్దండి. బిళ్ల పేరు మీరు రాయలేదు. ఇలా చేతికిచ్చేది చాలాసార్లు ఆల్ప్రజోలం అనే ఆందోళన తగ్గించే మత్తుమందు అవుతుంది, అది చీటీ లేకుండా అమ్మకూడనిది. నిమిషాల్లో హాయినిస్తుంది, కొన్ని వారాలకే ఒంటికి అలవాటవుతుంది, ఆ తర్వాత సగం బిళ్ల చాలదు. ఇప్పటికే నెలల తరబడి రోజూ వేసుకుంటున్నవాళ్లు మాత్రం ఇది చదివి రేపే ఆపేయకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

గుండె పరీక్షలు చేయించుకోవడం సరైన పనే. అవి బాగున్నాక ప్రతిసారీ మళ్లీ చేయించుకోవడమే దండగ. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూపించారా? రోజుకు ఎన్ని టీలు, కాఫీలు? మీరు చెప్పినట్టు ఉన్నట్టుండి మొదలై, పది నిమిషాల్లో తారస్థాయికి పోయి, తర్వాత దానంతటదే దిగిపోయేవి పానిక్ అటాక్‌లు కావచ్చు. అప్పుడు ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. కాగితం సంచిలో ఊపిరి పీల్చే చిట్కా మానేయండి. అయితే నడుస్తుంటే, మెట్లెక్కుతుంటే ఛాతీ బిగుసుకున్నా, నొప్పి చేతికో దవడకో పాకి చెమటలు పట్టినా అది పానిక్ అనుకుని కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

వైద్యం రెండు రకాలు: సీబీటీ అనే మాటల చికిత్స, దిగులుకూ ఆందోళనకూ వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ కోవ మందులు. ఎస్కిటలోప్రామ్ లాంటి మందు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. మొదటి వారం దడ కాస్త పెరిగినట్టే ఉంటుంది, కడుపులో తిప్పుతుంది. చాలామంది "మందు పడలేదు" అని మానేసేది సరిగ్గా అక్కడే. పూర్తి ఫలితానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇవి ఆల్ప్రజోలంలా వ్యసనం కావు, కానీ వీటినీ హఠాత్తుగా ఆపితే తల తిరగడం, కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం ఉంటుంది. ఇంకో మాట. అటాక్ వచ్చిన బస్సును, బజారును వదిలేస్తూ పోకండి. అలా వదిలేసేకొద్దీ భయమే పెరుగుతుంది.

ప్రశ్న: మా ఆయన రోజూ తాగుతారు. తాగకపోతే పొద్దున్నే చేతులు వణుకుతాయి. తెలియకుండా కూరలో కలిపే పొడి ఉందని, తాగుడు మానేస్తారని ఒకామె చెప్పింది. వచ్చేనెల మాల వేసుకుంటానంటున్నారు. అదీ మంచిదే కదా?
— ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: పొడి సంగతి ముందు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే మొహం ఎర్రబారి, వాంతులై, బీపీ పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. డాక్టర్లు కూడా దాన్ని మనిషికి పూర్తిగా చెప్పి, ఒప్పించి, తాగి కనీసం 12 గంటలు దాటాకే ఇస్తారు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. చెప్పకుండా కలిపితే ఆయన తాగరని మీకు హామీ ఎవరిస్తారు?

మాల వేసుకోవాలన్న సంకల్పం మంచిదే. చిక్కంతా ఒక్కరోజులో ఆపడంతోనే. పొద్దున వణుకుతోందంటే ఒళ్లు మద్యానికి అలవాటుపడిందని అర్థం. చివరి గ్లాసు తర్వాత ఆరు గంటల నుంచి ఒక రోజులోపు వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పడం, గోడ మీద పురుగులు కనబడటం, జ్వరం మొదలైతే అది ప్రాణాపాయం. దీక్ష మొదలైన మూడోరోజు "స్వామి పూనాడు" అని కొబ్బరికాయ కొడుతూ కూర్చుంటే కీలకమైన ఆ గంటలు చేజారిపోతాయి. కల్తీ కల్లు అలవాటైనవాళ్లకూ ఇదే ముప్పు. అందులో కలిపేది ఆల్ప్రజోలం, డైజిపామ్ లాంటివే కాబట్టి.

అందుకని మాలకు కనీసం పది రోజుల ముందే సైకియాట్రీ విభాగంలో చూపించండి. వణుకు, ఫిట్స్ రాకుండా కొద్దిరోజుల మందులిచ్చి, వాటిని తగ్గిస్తూ ఆపుతారు. గతంలో ఫిట్స్ వచ్చి ఉంటే చేర్చుకుంటారు. బీ1 విటమిన్, అంటే థయమిన్ ఇంజెక్షన్ తప్పనిసరి. తాగి నీరసించిన మనిషికి ఊళ్లో ఆర్‌ఎంపీ నేరుగా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే, ఒంట్లో మిగిలిన కాస్త థయమిన్ కూడా అయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. థయమిన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. తాగాలన్న యావ తగ్గించే మందులు వేరే ఉన్నాయి, అవి ఆ తర్వాతి దశ. డీ అడిక్షన్ జాతీయ హెల్ప్‌లైన్ 14446.

ప్రశ్న: మా చెల్లెలికి కాన్పయి ఐదు వారాలు. పుట్టింట్లోనే ఉంది. ఊరికే ఏడుస్తుంది, పాప నిద్రపోయినా తను నిద్రపోదు, "నేను తల్లిగా పనికిరాను" అంటుంది. బాలింతలకు మామూలే అంటోంది అమ్మ.
— తెనాలి

జవాబు: మూడో నాలుగో రోజు మొదలై రెండు వారాల్లోపు పోయే కన్నీళ్లయితే అమ్మగారి మాట నిజమే. ఐదు వారాలంటే మామూలు కాదు. పాప నిద్రపోతున్నప్పుడు కూడా తల్లి నిద్రపోలేకపోవడం కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కు ముఖ్యమైన ఆనవాలు. డాక్టరుకు మొదటి మాటగా అదే చెప్పండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు తప్పకుండా చేయించండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేయడం తరచూ జరిగేదే. పత్యం పేరుతో కూర, పప్పు, నీళ్లు తగ్గించి ఉంటే ఈరోజే మామూలు భోజనం పెట్టండి.

రాత్రి వరసగా నాలుగైదు గంటలు ఆమెను నిద్రపోనివ్వాలి. ఒకసారి పాలు పిండి పెడితే ఆ వంతు అమ్మమ్మ పట్టొచ్చు. మందు వాడితే పాలు మాన్పించాలన్న భయం చాలామందికి ఉంది; సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తాయి, పాలిస్తూనే వాడతారు. బిడ్డ తనది కాదనడం, ఎవరో చెబుతున్నట్టు మాట్లాడటం, బిడ్డకు గానీ తనకు గానీ హాని చేసే ఆలోచన బయటపెట్టడం కనిపిస్తే మాత్రం రేపటికి వాయిదా లేదు. పాపను ఆమె దగ్గర ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు ఉంది.

ప్రశ్న: అమ్మాయికి బైపోలార్ అన్నారు, కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బట. సోడియం వాల్‌ప్రోయేట్ వాడుతోంది, రెండేళ్లుగా పూర్తిగా బాగుంది, ఉద్యోగం చేస్తోంది. సంబంధాలు చూస్తున్నాం. పెళ్లిలోపు మందు ఆపేస్తే మంచిదా? అవతలివాళ్లకు చెప్పాలా?
— ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఆపకండి, మార్పించండి. బాగున్నది మందు వల్లే. అయితే వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు మంచిది కాదు. వాడిన తల్లులకు పుట్టిన పదిమందిలో దాదాపు ఒకరికి వెన్ను, గుండె లాంటి లోపాలు, ఇంకా ఎక్కువమందికి ఎదుగుదలలో వెనకబాటు ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నా ఆ ముప్పు పోదు. వేరే మందుకు మారి, అది పడిందో లేదో చూడటానికి నెలలు పడుతుంది కాబట్టి సంబంధం కుదిరాక కాదు, ఇప్పుడే సైకియాట్రిస్టును కలవండి.

చెప్పాలి. పెళ్లిచూపుల రోజునే చెప్పక్కర్లేదు; రెండు వైపులా ఇష్టపడ్డాక, తాంబూలాలకు ముందు. ఏం చెప్పాలో అమ్మాయే నిర్ణయించుకోవాలి. అబ్బాయిని తీసుకెళ్లి డాక్టరుతో మాట్లాడించడం మంచి పద్ధతి. దాచి చేస్తే ఏమవుతుందో మీకూ తెలుసు: అత్తారింట్లో మాత్ర వేసుకోవడానికి చాటు దొరక్క మానేస్తుంది, జబ్బు తిరగబెడుతుంది. ముఖ్యమైన విషయం మోసంతో దాచారని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లే అవకాశమూ అవతలివాళ్లకు ఉంటుంది. ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. నిద్ర చెడితే ఈ జబ్బు విజృంభిస్తుంది. అర్ధరాత్రి ముహూర్తం, వరసగా మూడు రాత్రుల జాగారం వద్దు. పగటి ముహూర్తం పెట్టమని పురోహితుడిని ముందే అడగండి.

ప్రశ్న: తమ్ముడికి అప్పులు. "నేను పోతే మీకే హాయి" అంటున్నాడు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో?
— కర్నూలు జిల్లా

జవాబు: పుట్టదు. సూటిగానే అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా, ఎప్పుడు అని కూడా అనుకున్నావా?" అడిగినవాడు దొరికాడని చాలామంది బరువు దించుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచీ పొలం షెడ్డులోంచీ తీసి వేరేవాళ్ల దగ్గర పెట్టించండి. మాత్రలు ఒకరి చేతిలో ఉంచుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. ఆ తీవ్రమైన ఘడియ దాటించడమే ఇక్కడ సగం వైద్యం. "పిల్లలున్నారు, సిగ్గులేదా" అన్న మాట నోట రానివ్వొద్దు. 14416కు పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి, మర్నాడు డాక్టరుకు చూపించండి. అప్పుల లెక్క ఆ తర్వాత కలిసి కూర్చుని చూద్దామని చెప్పండి.

ఒకవేళ ఏదైనా మింగి ఉంటే కేసవుతుందని భయపడి "ఫుడ్ పాయిజన్" అని చెప్పకండి. డబ్బా కూడా పట్టుకెళ్లండి, విరుగుడు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇంట్లో వాంతి చేయించొద్దు. ఆస్పత్రివాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వడం మామూలే. అయితే ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

ప్రశ్న: సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, కౌన్సెలర్: ఎవరి దగ్గరికి వెళ్లాలి?
— రాజమహేంద్రవరం

జవాబు: సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు, మందు రాసేది వీరే. క్లినికల్ సైకాలజిస్టు మాటల చికిత్స, పరీక్షలు చేస్తారు; మందు రాయరు. వీరికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడిగి చూడొచ్చు. కౌన్సెలర్ అన్న బోర్డు ఏ చదువున్నవాళ్లయినా పెట్టుకుంటున్నారు, కాబట్టి విచారించుకోండి. నిద్ర, తిండి పూర్తిగా చెడినా, మాటలు వినబడుతున్నా, చావు ఆలోచనలున్నా ముందు సైకియాట్రిస్టు. "మందులన్నీ ఆపేయండి, ఇరవై సిట్టింగులకు డబ్బు ముందే కట్టండి" అన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

ప్రశ్న: మానసిక జబ్బుతో ఆస్పత్రిలో చేరితే ఇన్సూరెన్స్ వస్తుందా?
— హైదరాబాద్

జవాబు: శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. అయితే చాలా పాలసీల్లో చేరిన ఖర్చే వస్తుంది. ఓపీ ఫీజు, సిట్టింగులు రావు. ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ ఎంతో పాలసీ కాగితంలో చూసుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకుని, మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి, రాయండి.